జీడిపప్పు షెడ్డులో మౌనవ్రతం

నేను సైకాలజీ చెబుతానని తెలియగానే మా రేపల్లె చుట్టాలందరిదీ ఒకటే పరీక్ష. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చుని, "ఏదీ, ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం" అనేవారు. "ఇంకో రెండు ముక్కలు కోడికూర వేయించుకోవాలని ఉంది మామయ్యా" అనేదాన్ని. నూటికి తొంభై తొమ్మిది సార్లు నిజమయ్యేది. దాంతో నా చదువు మీద వాళ్లకు అపారమైన గురి కుదిరింది. నాకే కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది.

తెనాలిలో ఒక కాలేజీలో ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాను. ఈ మధ్య పరిశోధనలోకి వెళ్తున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "మేడమ్, ప్రయోగాలెన్ని రకాలు?" అని అడుగుతున్నారు. పుస్తకం ప్రకారమైతే గదిలో చేసేవి, జనం మధ్య చేసేవి, మనం చెయ్యకుండా వాటంతటవే జరిగేవి. పరీక్షలో అలాగే రాయండి, మార్కులు వస్తాయి. ఆ మూడూ కలిసి నన్ను ఎలా ఆడించాయో మాత్రం ఇక్కడ చదవండి. రెండువేలు దాటిన తొలి ఏళ్లలో సంగతి.

తలుపు వేసుకున్న గది

మా ప్రయోగశాల ఒకప్పుడు ఆటసామాన్లు పెట్టుకునే కొట్టు. నేను చేరేనాటికి ఒక మూల ఇంకా విరిగిన క్యారమ్ బోర్డు ఉండేది. రెండు బల్లలు, ఒక స్టాప్‌వాచీ, చప్పుడు చేసే ఫ్యాను. ఆ గదంటే నాకు ప్రాణం. తలుపు వేస్తే లోకం బయట, నేను లోపల. ఏది మార్చాలో, ఏది మార్చకూడదో అంతా నా ఇష్టం.

అందులో ఒక ప్రయోగం చేశాం. కాగితం నిండా అక్షరాలు. ఎక్కడ 'క' కనిపిస్తే అక్కడ కొట్టెయ్యాలి. సగంమంది పిల్లలు నిశ్శబ్దంగా చేస్తారు. మిగతా సగానికి పక్కనే ఇద్దరు కూర్చుని సినిమా కబుర్లు చెబుతుంటారు. ఎవరు ఏ గుంపో చీట్లు తీసి తేల్చాం. కబుర్ల గుంపు బోలెడు 'క'లు వదిలేసింది. నేను ఎగిరి గంతేశాను.

మా డిపార్ట్‌మెంటు పెద్ద భాస్కరరావు గారు మాత్రం ఎగరలేదు. ఆయనకు జీవితం మొత్తానికి ఒకటే ప్రశ్న, "ఇంకేం కారణం ఉండొచ్చు?" సాంబారు ఉప్పగా ఉన్నా అదే అడిగేవారు, పరిశోధన బాగున్నా అదే అడిగేవారు. "ఇరవై ఏళ్ల పిల్లలు. అలవాటు లేని పని. పావుగంట. నీకు తెలిసింది ఇంతేనమ్మా. ఇక్కడి నుంచి అంగుళం ముందుకెళ్లకు" అన్నారు.

నేను అంగుళం ఏం ఖర్మ, రైలెక్కి బాపట్ల దాకా వెళ్లాను. అక్కడి పెద్దమనుషుల క్లబ్బులో ఉపన్యాసానికి పిలిచారు. పట్టుచీర, పూలగుత్తి, మైకు. ఆడమనిషి చేతికి మైకు దొరకడం ఆ రోజుల్లో అంత సులువు కాదు కాబట్టి దొరికిన మైకును వదల్లేదు. చివర్లో గొంతు పెంచి, "మాట అనేది పనికి శత్రువు. ఇది నా నమ్మకం కాదు, ప్రయోగంలో తేలిన నిజం!" అన్నాను. చప్పట్లు మోగాయి. ముందు వరసలో తెల్లచొక్కా ఆయన అందరికంటే ఎక్కువసేపు కొట్టారు. ఆ చప్పట్లకు పొంగిపోయి ఇంటికొచ్చి రెండు రోజులు నేల మీద నడవలేదు.

అంకమ్మ తెనాలి వచ్చింది

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్ గుమ్మంలో యాభై ఏళ్లావిడ నిలబడింది. వేళ్లు నల్లగా మరకలు పడి ఉన్నాయి. చేతిలో టిఫిన్ క్యారియర్.

"మా నోళ్లు మూయించింది మీరేనంటగా మేడమ్ గారూ?" అంది.

పేరు అంకమ్మ. బాపట్ల అవతల వేటపాలెం దారిలో ఒక జీడిపప్పు షెడ్డులో పని. ఆ షెడ్డు యజమాని రత్నం గారే ముందు వరసలో చప్పట్లు కొట్టినాయన. పప్పు మీది ఎర్ర పొట్టు తియ్యడం ఆ షెడ్డులో ఆడవాళ్ల పని. పప్పు గుండుగా రావాలి. బద్దలైతే విలువ సగం, ముక్కలైతే ఇంకా తక్కువ. ముక్కలు ఎక్కువవుతున్నాయని రత్నం గారికి ఎప్పట్నుంచో బెంగ. నా ఉపన్యాసం విని ఇంటికెళ్లి, గోడకు 'మాట్లాడరాదు' అని బోర్డు పెట్టించి, అందరినీ గోడకేసి తిప్పి కూర్చోబెట్టాడట. మూడుసార్లు మాట్లాడినవాళ్లు మర్నాడు పనికి రానక్కర్లేదు.

"ఎనిమిది గంటలు గోడ చూస్తా కూర్చోటానికి మేమేమన్నా బల్లులమా అండీ?" అంది అంకమ్మ. నేను నవ్వబోయి ఆగాను. ఆవిడ నవ్వడం లేదు. "మా దాంట్లో చిట్టెమ్మని ఒక పిల్ల ఉందమ్మా. మొగుడు నిజాంపట్నం నుంచి బోటు మీద వేటకు పోయాడు, రాలేదు. ఏడాదిగా దానికి నోట మాట లేదు. మా మధ్య కూచోబెట్టుకుని, నవ్వించి, తిట్టి, ఎట్టాగో మొన్న మొన్ననే 'ఏంటి వదినా' అనేదాకా తెచ్చాం. ఇప్పుడు దాన్ని తీసుకుపోయి గోడకేసి కూర్చోబెట్టారు. మళ్లీ బిగుసుకుపోయింది. మీరేగా చదువుకున్నోళ్లు, ఇదేం న్యాయం చెప్పండి."

నాకు సిగ్గేసింది. పెద్ద మాట ఎందుకు, చచ్చిపోవాలనిపించింది. నేను పరీక్షించింది అక్షరాలు కొట్టేసే పిల్లల్ని. ఈవిడ పని ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. క్యారియర్ నిండా ఆవిడ నాకోసం తెచ్చిన గారెలు ఉన్నాయి. తిట్టడానికి వచ్చేటప్పుడు కూడా ఉత్త చేతుల్తో రాకూడదట.

జనం మధ్య

బాపట్ల వెళ్లి రత్నం గారి ముందు కూర్చుని, నేను చెప్పింది మీ షెడ్డుకు వర్తిస్తుందో లేదో తెలియదని ఒప్పుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు, పప్పు మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. కింద ఒక పలుకు పడి ఉంటే వంగి తీసుకుని తుడిచి జేబులో వేసుకుంటాడు. "అయితే తేల్చండి మేడమ్. మీరు తేల్చిందాన్నిబట్టే నేను చేస్తాను. నెలరోజులు టైము" అన్నారు. తేలకపోతే బోర్డు శాశ్వతం. గోడకేసి కూర్చోవడమూ శాశ్వతం.

జనం మధ్య ప్రయోగం నాకు కొత్త కాదు. అంతకుముందు ఏడాది రేపల్లె ప్యాసింజర్లో ఒకటి చేసి పరువు పోగొట్టుకున్నాను. ముక్కూమొహం తెలియని మనిషి సామాన్లు కిందపడేసుకుంటే ఎంతమంది సాయం చేస్తారో చూడాలని నేనే రెండు నిమ్మకాయల సంచులు పట్టుకుని ఎక్కి, కాలు జారినట్టు జారవిడిచాను. పెట్టె పెట్టంతా లేచింది. "అయ్యయ్యో, సామేలు మాస్టారి పెద్దమ్మాయి కదూ!" అని ఒకాయన. "నాన్నగారు ఎలా ఉన్నారమ్మా?" అని ఇంకొకాయన. నిమ్మకాయలన్నీ ఏరి, సీటు ఇచ్చి, పులిహోర పెట్టి, దిగేటప్పుడు ఎవరిదో దోసకాయ కూడా సంచిలో వేశారు. ముక్కూమొహం తెలియని మనిషి మా లైనులో ఎక్కడా దొరకదని ఆ రోజు తేలింది. అది కూడా ఒక ఫలితమే గానీ ఎవరూ అచ్చెయ్యరు.

షెడ్డుకు నా శిష్యురాలు రజియాను తీసుకెళ్లాను. తెనాలిలో టైలర్ ఖాదర్ గారి అమ్మాయి. ఎంత గోలలోనైనా విన్నది విన్నట్టు రాయగలదు. ఒక వారం మాటలు, ఒక వారం మౌనం. రోజూ ఎన్ని గుండ్లు, ఎన్ని ముక్కలు అని తూచడం. ఉద్దేశం ఎవరికీ చెప్పకూడదని రజియాకు వందసార్లు చెప్పాను.

ఆ రహస్యం మధ్యాహ్నం అన్నాల వేళ దాకా కూడా నిలవలేదు. ఎవరమ్మాయివి, ఎందుకొచ్చావు, అన్నం తెచ్చుకున్నావా అని అడిగి, తలా ఒక కూర ఆ పిల్ల కంచంలో వేశారు. నలుగురి కూర తిన్నాక అబద్ధం చెప్పడం ఎలాగో మేం పాఠంలో చెప్పం. "చెప్పేశాను మేడమ్, పిన్నులు అడిగారు" అంది రజియా, కళ్లు దించుకుని.

ఇక చూడండి నా అవస్థ. మాటల వారంలో రజియా పుస్తకం తెరిచి కూర్చునేసరికి, కొత్తమనిషి ముందు ఏం మాట్లాడతాం అని అందరూ గప్‌చుప్. మూడోరోజుకు గానీ నోళ్లు పెగల్లేదు. మౌనం వారంలో మరీ అన్యాయం. మాట్లాడకూడదు అనేసరికి అందరికీ నవ్వు. ఒకావిడ తుమ్మితే నవ్వు. రత్నం గారి చెప్పులు కిర్రుమంటే నవ్వు. నోరు నొక్కుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వి, పప్పులు టపటపా విరిచేశారు. ప్రార్థనలో నవ్వు ఆపుకున్నవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. నేను కూడా బయటికెళ్లి గోడ వెనక నిలబడి నవ్వి వచ్చాను.

ముక్కలు మౌనం వారంలోనే ఎక్కువ. "కావాలనే విరిచారు" అన్నారు రత్నం గారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉద్దేశం తెలిసినవాళ్లు ఏమైనా చెయ్యగలరు. రెండు వారాలు గంగలో కలిశాయి.

వాన చేసిపెట్టిన ప్రయోగం

"మనం చెయ్యకపోయినా ఇంతకుముందు ఎప్పుడైనా వాళ్ల మాటలు ఆగాయేమో చూద్దామా?" అంది రజియా. బంగారంలాంటి ఆలోచన. దాన్నే సహజ ప్రయోగం అంటారు. ఆ షెడ్డుకు రేకుల కప్పు. పెద్ద వాన పడితే పక్కమనిషి అరిచినా వినపడదు. అంటే వాన రోజుల్లో షెడ్డు మొత్తం మౌనం. అప్పుడు ఏ ప్రయోగమూ లేదు కాబట్టి ఎవరూ నటించి ఉండరు. గుమస్తా పాత పుస్తకాలు తీశాం. వాన పడిన రోజు తేదీ పక్కన రాసుకునే అలవాటు అతనికి. వాన కురిసిన రోజుల్లో ముక్కలు ఎక్కువ! రజియా, నేను చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. గుమస్తా భయపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

తెనాలి తిరిగొచ్చి భాస్కరరావు గారి ముందు పెట్టాం. "ఇంకేం కారణం ఉండొచ్చు?" అన్నారు.

"ఏమీ లేదు సార్!"

"వానకు పప్పు మెత్తబడదూ? పచ్చిపప్పుకు పొట్టు సరిగా ఊడదు కదా. మాటలు లేక విరిగిందో, చెమ్మకు విరిగిందో ఎలా చెబుతావు?"

నిజమే. ఆ క్షణంలో ఆయన్ను కొట్టాలనిపించింది. ఇలాంటి బాసు దొరికితే, పిల్లలూ, తిట్టుకుంటూనే వదలకుండా పట్టుకోండి. మెచ్చుకునే బాసులు నాకు ఇద్దరు ముగ్గురు దొరికారు, వాళ్ల దగ్గర ఏమీ నేర్చుకోలేదు.

రజియా మాత్రం పచ్చి అన్న మాట దగ్గర ఆగిపోయింది. సంచిలోంచి తన పుస్తకం తీసి గబగబా తిప్పింది. మాటల వారంలో షెడ్డులో ఎవరేమన్నారో పొల్లు పోకుండా రాసుకుంది. నేను దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. ఆడవాళ్ల కబుర్లే కదా అనుకున్నాను. నేనూ ఆడదాన్నే, అయినా అనుకున్నాను.

"వినండి మేడమ్" అని చదివింది. "'మా వియ్యపురాలు ఏమందనుకున్నావ్, ఈ ట్రే పచ్చిగా ఉంది మెల్లగా తియ్యండే, అన్నం తినిపోండి అని ఒక్క మాటన్నా అందా?' ఇంకోటి. 'కొల్లూరు నుంచి అరటిగెల తెచ్చాడు మా తమ్ముడు, ట్రే అడుగున గట్టిగున్నాయి చూసుకో, గెల చూస్తే ఇంత లావుంది.'"

భాస్కరరావు గారు కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. వియ్యపురాలి మీద చాడీ మధ్యలో పని సంగతి దూరిపోయి ఉంది. ఆరబెట్టే గదిలో ట్రేలన్నీ ఒకేలా ఆరవు. ఏదో ఒకటి పచ్చిగా వస్తుంది. మొదట ఎవరి చేతికి తగిలితే వాళ్లు కబురు ఆపకుండానే కేకేస్తారు. మిగతావాళ్లు చెయ్యి తేలిక చేస్తారు, లేదా ఆ ట్రే వెనక్కి పంపుతారు. వాళ్లు కూడా దాన్ని మాటగా లెక్కపెట్టరు. అందుకే అంకమ్మ కూడా నాకు ఆ సంగతి చెప్పలేదు.

రత్నం గారి ట్రేలు

ఆ తర్వాత చేసిన ప్రయోగం నా జీవితంలో నేను తయారుచేసిన వాటన్నింటిలో చక్కనిది. పేపరుగా మాత్రం రాలేదు, ఎందుకో మీరే చూస్తారు. చీట్లు తీసి ఆడవాళ్లను రెండు గదుల్లో కూర్చోబెట్టాం. ఒక గదిలో ఇష్టమొచ్చినట్టు మాట్లాడొచ్చు. రెండో గదిలో మౌనం. అంకమ్మకూ చిట్టెమ్మకూ మౌనం గదే పడింది. పప్పు ట్రేలను రత్నం గారే ఎంచి రెండు గదులకూ సమంగా పంపుతారు. అందులో కొన్ని కావాలని సరిగా ఆరనివి. ఏవి పచ్చివో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, నాకు కూడా.

దీని అందం ఏమిటంటే, ఉద్దేశం తెలిసినా నటించలేరు. కావాలని విరిచేవాళ్లు అన్ని ట్రేల్లోనూ విరుస్తారు. నా ఊహ నిజమైతే, బాగా ఆరిన ట్రేల్లో రెండు గదులూ సమానంగా ఉండాలి. పచ్చి ట్రేల్లో మాత్రమే మౌనం గది వెనకబడాలి. "ఇంకేం కారణం ఉండొచ్చో ఈసారి నాకూ తోచడం లేదు" అన్నారు భాస్కరరావు గారు. నాకు పెద్ద బహుమతి ఇచ్చినట్టే.

వారంరోజుల పని. మొదటిరోజు పొద్దున అన్నీ ఆరిన ట్రేలే కాబోలు, రెండు గదులూ సమానంగా వచ్చాయి. మౌనం గదిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఈ వారం మీద ఏం ఆధారపడి ఉందో వాళ్లకు తెలుసు. గోడకేసి తిరిగి, తల వంచుకుని, నా ప్రయోగాన్ని నాకంటే నిజాయితీగా చేశారు. ఆ వీపులు చూస్తుంటే నాకు దుఃఖం వచ్చింది. తేలకపోతే వీళ్లు ఇలాగే ఏళ్లతరబడి కూర్చుంటారు.

పదకొండు గంటలకు కొత్త ట్రే వచ్చింది. రత్నం గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అక్కడ ఉండొద్దని ఎన్నిసార్లు చెప్పినా ఆయన కదలడు. పక్కనున్న మాటల గదిలోంచి గోడమీదుగా, ఏమన్నారో తెలియని ఒక కేక వినిపించి ఆగిపోయింది. మౌనం గదిలో మొదటి పప్పు చిట్టెమ్మ చేతిలో టప్‌మని విరిగింది. ఆ పిల్ల చెయ్యి ఆపింది. అటు చూసింది, ఇటు చూసింది. నోరు తెరిచి మూసింది. పక్కనున్నావిడ చేతిలో ఇంకోటి విరిగింది. ఆ పక్కన ఇంకోటి. ఎవరి గోడ వాళ్లు చూస్తున్నారు, ఎవరి తప్పు వాళ్లది అనుకుంటున్నారు. టప్, టప్, టప్. గుమ్మంలో రత్నం గారి మొహంలో రంగులు మారుతున్నాయి. చేతులు పిసుక్కుంటున్నారు. పంచె కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను కళ్లతోనే బతిమాలాను, వద్దండీ, వద్దండీ అని.

"ఏయ్, ఆగండే! ఆ ట్రే పచ్చిది! నోళ్లు లేవా మీకు? ఒక్కళ్లన్నా చెప్పరేంటి?"

రత్నం గారి కేకకు రేకులు అదిరాయి. నా ప్రయోగం మొదటిరోజే, భోజనాల వేళ కాకముందే, నిలువునా మంటగలిసింది.

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. అంకమ్మ లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, మూతి మీద వేలు పెట్టుకుంది. ఆ వేలుతోనే గోడ మీది బోర్డు చూపించింది.

రత్నం గారు బోర్డు వైపు చూశారు. ట్రే వైపు చూశారు. తర్వాత నడిచి వెళ్లి, కుర్చీ వేసుకోకుండా ఎగిరి ఎగిరి, మూడో ఎగురుకు బోర్డు ఊడబెరికారు. "మేడమ్, మీ ప్రయోగం ఇక చాలండి" అన్నారు రొప్పుతూ. "నాకు తేలింది. ఈ తిప్పలేవో మీరు పడండి, నా పప్పు మీద వద్దు."

ఇక లేచింది చూడండి గోల! పక్క గదివాళ్లు పరుగెత్తుకొచ్చారు. పీటలు గోడ వైపు నుంచి లోపలికి తిరిగాయి. వియ్యపురాళ్లు, అరటిగెలలు, పచ్చి ట్రేలు, ఇన్నాళ్లుగా దాచుకున్నవన్నీ అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. స్టాప్‌వాచీ నా చేతిలో ఉత్తినే తిరుగుతోంది. నేను కూడా అరుస్తున్నానని కాసేపటికి గాని తెలియలేదు.

రజియా నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో, "వింటున్నారా మేడమ్?" అంది.

ఆ గోల అడుగున ఎవరిదో సన్నటి గొంతు, నేను ఆ షెడ్డులో అంతకుముందు ఎన్నడూ విననిది, "నాకే ముందు తెలిసింది వదినా, నాకే ముందు తెలిసింది" అని అంకమ్మకు చెబుతోంది.